చిలకలపూడి మెరుగు

ఒక చలనచిత్రము దేశదేశముల జనులను ఉఱ్ఱూతలూపిన పిమ్మట, ఆ ఊపు చల్లారినాక, దానికి తరువాయిగా వచ్చిన చిత్రపు పాటలను నేడు మరల వెదకి తెచ్చుకొని వినుట పనిలేనివాని పని యని మా యింటివారు అనుచుందురు. వారి మాటను నేను కాదనను. కాని 1983లో వచ్చిన ‘స్టేయింగ్ అలైవ్’ రికార్డు లోకులు తీసివేసినంత చులకనకు తగినది కాదని మాత్రము నా పక్షము.

దీనికి తల్లియగు ‘శాటర్‌డే నైట్ ఫీవర్’ జంట ఎల్పీలు అమెరికాలో అంగళ్లకు వచ్చినది 1977 నవంబరు నడిమిని. ఆ వారముననే, 19వ తేదీ శనివారమునాడు, దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి, కోడూరు, నాగాయలంక ప్రాంతపు పల్లెలను ఊడ్చుకొనిపోయినది. వేలకొలది జనము, లెక్కకందని పశువులు నీటిపాలయినవి. సినీనటులు నిమ్మకూరు రామారావుగారు, రామాపురము నాగేశ్వరరావుగారు జోలెపట్టి ఊరూర చందాలు దండిన దినములవి. డిస్కో యను మాట ఆనాడు మావైపు ఎవరి చెవినిబడినను తలయెత్తి వినగల స్థితి లేదు. ఇరువదినాలుగు వారములు అమెరికాలో ప్రథమస్థానమున నిలిచిన ఆ జంట రికార్డు, అందువలన, నాకు దాని తరువాయి చేరిన వెనుకగాని చేరలేదు.

తల్లి రికార్డులోని పేరుమోసిన ‘స్టేయింగ్ అలైవ్’ పాటకు డ్రమ్ముల మోత ఎట్లమరినదో చెప్పుకొనదగిన ముచ్చట. ఫ్రాన్సుదేశమున ఒక పాతకోటలో ఆ పాట పాడిన బీజీస్ సోదరులు పని నడుపుచుండగా, డ్రమ్ములు వాయించు డెన్నిస్ బ్రయన్ ఇంటికి వెడలిపోయెను. అంతట వారు ‘నైట్ ఫీవర్’ పాటనుండి రెండు ఆవర్తముల టేపు కోసి, కొసలు రెండును అతికి, వలయముగ చేసి యంత్రముపై తిరుగుచుండనిచ్చి, దానిపై క్రొత్త పాటను నిలిపిరి. వాయించినవాడు బెర్నార్డ్ లూప్ అని లేని మనిషికొక పేరును పెట్టిరి. తరువాయి చిత్రములు తీయువారి ఆశయు ఇట్టిదే గదా: బాగుగ నడిచిన రెండావర్తములను కోసి, మరల మరల త్రిప్పవలెనని.

కాలము అందుకు ఒప్పుకొనలేదు. 1979 జూలైలో చికాగో బేస్‌బాల్ మైదానమున డిస్కో రికార్డులను కుప్పవేసి పేల్చివేసిరి. నాలుగేండ్ల తరువాత సిల్వెస్టర్ స్టాలోన్ దర్శకుడై ఈ తరువాయిని తీసెను. కూచిపూడి మేళములు చూచి పెరిగిన కన్నులకు అందలి పొగలు, మంటల నడుమ సాగు బ్రాడ్‌వే నృత్యము నవ్వు పుట్టింపక మానదు. ఆ సంగతి అంతటితో విడుతము. రికార్డులో ఒక ముఖము బీజీస్‌ది, రెండవ ముఖము ఇతరులది. దర్శకుని తమ్ముడు ఫ్రాంక్ స్టాలోన్ పాడిన ‘ఫార్ ఫ్రమ్ ఓవర్’ అమెరికాలో పదవ స్థానమునకెక్కగా, బీజీస్ వారి ‘ద ఉమన్ ఇన్ యు’ ఇరువదినాలుగవ స్థానమున ఆగిపోయెను. అన్నగారి సిఫారసు తలుపువరకే తోడువచ్చును. లోపలికి నడిచినది పాటయే.

బందరులో ఆ రోజులలో ఎల్పీలు కొనగలవారు తక్కువ. కోనేరు సెంటరు దరిని రికార్డింగు షాపునకు ఖాళీ కేసెట్టు తీసికొనిపోయి, కావలసినది చీటీపై వ్రాసి యిచ్చి, కొన్నాళ్లాగి తెచ్చుకొనుట వాడుక. అరువది నిమిషముల కేసెట్టుకు ఒక వైపు అరగంట. ఎల్పీ ముఖము ఇరువది నిమిషములకు కొంచెము హెచ్చు. మిగిలిన టేపు వృథాపోవుట కొప్పని షాపువాడు, నేనడుగకున్నను, చివర తెలుగు సినీసంగీతదర్శకుడు చక్రవర్తి కూర్చిన పాటలు రెండు ఎక్కించి యిచ్చెను. నేటికిని ఫ్రాంక్ స్టాలోన్ వైపు ముగియగనే బాలసుబ్రహ్మణ్యము గొంతు వినబడనిచో నాకు టేపు తెగినట్లే తోచును. ఇట్లు తల్లికంటె ముందు బిడ్డను ఎఱిగినవాడనగుటచే, తల్లిపోలిక రాలేదను దిగులు నాకు పట్టలేదు.

మా చిలకలపూడిలో రాగిపై సన్నని బంగారురేకు తాపి నగలుచేయు పనివారు కలరు. అచట కొన్నవాడు మోసపోయితినని వాపోవడు. లోపలిది రాగి యని తెలిసియే, అతుకు తెలియని పనితనమునకు వెల యిచ్చును. ఆ కంటితో చూచిన, ‘సమ్‌వన్ బిలాంగింగ్ టు సమ్‌వన్’ అను నిదానపు పాటలో మెరుగు నేటికిని చెక్కుచెదరలేదు. అతుకు బయటపడినది ఒక్కచోటనే: పాత పేరుమోసిన పాటను నిమిషమున్నరకు కుదించి, బీజీస్ ముఖము చివర తగిలించుట. చిత్రాంతమున నాయకుడు వీథివెంట ఠీవిగ నడచుటకు అది పనికివచ్చెను. రికార్డునకు మాత్రము అక్కఱలేకుండెను.

మన నిర్మాతలకు ఆ దినములలో తరువాయిలకంటె రీమేకులపై నమ్మకము హెచ్చు. 1982లో బప్పీ లహిరి పాటలతో హిందీలో వచ్చిన ‘డిస్కో డాన్సర్’, 1984లో తెలుగున ‘డిస్కో కింగ్’ అయ్యెను. గుడివాడనుండియు గెలిచి రామారావుగారు ముఖ్యమంత్రియైన మరుసటియేడు వారి కుమారుడు బాలకృష్ణ అందు నాయకుడు; సంగీతము గుంటూరు జిల్లా పొన్నెకల్లున పుట్టిన చక్రవర్తిది. మఱి రెండేండ్లకు కృష్ణగారు ‘సింహాసనము’ తీయుచు ఆ బప్పీ లహిరినే పిలిపించిరి. కిరీటములు, కత్తియుద్ధములు గల రాజుల కథలో డిస్కో డ్రమ్ములు మ్రోగుటను బందరువారు ఆక్షేపింపలేదు సరిగదా, ఆ పాటలను కేసెట్టు చివర గాక మొదటనే ఎక్కించుకొనిరి.