పక్కింటాయన పోలీసు ఫిర్యాదు

మన పత్రికలో పిల్లల నాట్య ప్రదర్శనల గురించీ, ఇండియా ప్రయాణాల గురించీ చక్కగా వ్రాసేవాళ్ళున్నారు. నేను వ్రాయబోయేది కాస్త చేదు సంగతి. ఉగాది భోజనాల దగ్గర నాకు జరిగింది ఇద్దరు ముగ్గురితో చెప్పగానే, "మాకూ జరిగిందండీ, బయట ఎవరికీ చెప్పుకోలేదు" అన్నవాళ్ళు అక్కడికక్కడే ముగ్గురు తేలారు. ముగ్గురూ డాక్టర్లే. వాళ్ళలో ఒకరు గొడవ వదిలిపోతుందని ఒక కాగితం మీద సంతకం పెట్టి వచ్చారట. ఆ సంతకం సంగతి మన వాళ్ళందరికీ తెలియాలని నా ఉద్దేశం. సిగ్గు పక్కన పెట్టి వ్రాస్తున్నాను.

మేముండేది మిడ్‌లాండ్స్‌లో, రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే అయిన సెమీ డిటాచ్డ్ ఇంట్లో. 2022 ఫిబ్రవరి 18న యూనిస్ తుఫాను వచ్చినప్పుడు వెనక తోటలో కంచె మొత్తం పడిపోయింది. ఖర్చు మేమే పెట్టుకుని, పాత గుంజలున్న గుంటల్లోనే కొత్త గుంజలు పాతించాం. అప్పుడేమీ అనని పక్కింటాయన ఏడాది గడిచాక, కంచె తన స్థలంలోకి ఆరంగుళాలు జరిగిందన్నాడు. లాండ్ రిజిస్ట్రీ పటం తెప్పించి చూపించాను. అందులో ఎర్రగీత హద్దు ఇంచుమించుగా ఎక్కడుందో చెబుతుందే గాని అంగుళాలు తేల్చదు. 2002 నాటి చట్టంలోనే ఆ మాట ఉంది. కనక ఆ పటంతో ఆయనా గెలవలేదు, నేనూ గెలవలేదు. గట్టు తగాదాలు చూస్తూ పెరిగిన మనకు ఇదేమంత వింత కాదు. జానెడు గట్టు కోసం మూడు తరాలుగా మాటల్లేని కుటుంబాలు మా ఊళ్ళోనే ఉన్నాయి.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. వచ్చిన వారానికే కంచె వారన మెంతికూర, తోటకూర మడి వేసింది. 2023 ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, తెనాలిలో ఉన్న మా పిన్నికి ఫోనులో ఆ మడి చూపిస్తోంది. అక్కడ రాత్రి తొమ్మిదైనా పిన్ని ఓపిగ్గా చూస్తోంది. ఇంతలో పక్కింటాయన కంచె మీంచి తొంగి చూసి, మడిలో నీళ్ళు తన వైపు వస్తున్నాయని అరవడం మొదలుపెట్టాడు. నేను బయటకు వచ్చి, "అమ్మకు మీ మాట అర్థం కాదండీ, తర్వాత మాట్లాడుకుందాం" అని, ఆమెను లోపలికి తీసుకువెళ్ళి తలుపు వేశాను. జరిగింది అంతే.

తొమ్మిది రోజుల తర్వాత ఆసుపత్రిలో ఉండగా పోలీసువారి నుంచి ఫోను. ఆ ఆదివారం సాయంత్రం నేను పక్కింటి వీధి గుమ్మం ముందుకు వెళ్ళి, ఆయన గుండెల మీద చేతులు వేసి నెట్టాననీ, "నీ అంతు చూస్తా"నని బెదిరించాననీ ఫిర్యాదు. ఫోను చేసిన ఆఫీసరమ్మ ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఇది అరెస్టు కాదట, స్వచ్ఛందంగా వచ్చి మాట్లాడాలట. నేను ఒప్పుకుంటే కోర్టుదాకా పోకుండా కాషన్‌తో ముగిసే వీలు కూడా ఉందట.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. "ఏమండీ, ఒక సారీ పారేసి రండి. మీరు చెయ్యలేదని మనకు తెలుసు, చాలదా?" అంది మా ఆవిడ. ఇక్కడ ముప్పయ్యేళ్ళ నుంచీ ఉన్న పెద్దాయన ఒకరికి ఫోను చేస్తే, "ఒంటరిగానే వెళ్ళు బాబూ. లాయరును వెంటేసుకుని వెళితే తప్పు చేశావనుకుంటారు" అన్నారు. మన దేశంలో అయితే ఊళ్ళో నలుగురు పెద్దమనుషులు స్టేషనుకు వెళ్ళి ఎస్సైగారితో మాట్లాడి వస్తారు. ఇక్కడ ఆ దారి లేదు. దాని బదులు ఇక్కడ ఉన్న దారులు మనకు తెలియవు.

మర్నాడు నేను సభ్యుడిగా ఉన్న డాక్టర్ల రక్షణ సంస్థకు ఫోను చేశాను. వారు చెప్పిన మొదటి మాట, సొలిసిటర్ లేకుండా వెళ్ళవద్దని. పోలీసు స్టేషనులో ప్రశ్నించేటప్పుడు న్యాయ సలహా ఉచితం. అరెస్టయినవారికే కాదు, స్వచ్ఛందంగా వెళ్ళినవారికీ ఉచితమే. మన జీతం ఎంతని కూడా అడగరు. ఆ హక్కు 1984 నాటి పోలీసు సాక్ష్యాల చట్టంతో వచ్చింది. అది వాడుకున్నంత మాత్రాన ఎవరూ దొంగ కాడు. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరును అడిగినవాణ్ణి పిరికివాడంటామా?

సొలిసిటర్ గారు ఒక నడివయసు ఆవిడ. ఆవిడ చెప్పిందంతా ఒక్క మాట చుట్టూనే తిరిగింది. ఇంగ్లీషులో కాషన్ అన్న మాటకు పోలీసు స్టేషనులో రెండర్థాలున్నాయి. ప్రశ్నించే ముందు ఒకటి చదువుతారు. మీరు మాట్లాడనక్కరలేదు, కాని తర్వాత కోర్టులో ఆధారపడే సంగతి ఇప్పుడు చెప్పకపోతే మీకు నష్టం కావచ్చు, చెప్పింది సాక్ష్యంగా వాడవచ్చు అని దాని సారాంశం. అది ఒట్టి హెచ్చరిక. రెండో కాషన్ వేరు. అది నేరం ఒప్పుకున్నవాడికి ఇచ్చేది. కోర్టు ఉండదు, జరిమానా ఉండదు, సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోవచ్చు. కాని ఒప్పుకోనివాడికి అది ఇవ్వడానికే వీల్లేదు. అంటే ఆ సంతకం అర్థం "నేను చేశాను" అని.

మామూలు మనిషికే అది చిన్న సంగతి కాదు. డాక్టరుకు ఇంకా పెద్దది. కాషన్ తీసుకుంటే ఆలస్యం చెయ్యకుండా జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు మనమే తెలియజేయాలి. ఇంకొక దేశంలో జరిగినా అంతే. ఇక్కడి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడూ దాన్ని దాచకూడదు. ఇన్ని తలుపులు తట్టే కాగితాన్ని "గొడవ వదిలించే కాగితం" అనుకుంటున్నాం మనం. అదే సమయంలో ఇంకో సంగతి కూడా తెలిసింది. పోలీసులు పిలిచి ప్రశ్నించినంత మాత్రాన కౌన్సిల్‌కు చెప్పాలన్న నియమం లేదు. ఆరోపణ నమోదై చార్జి పెడితేనో, కాషన్ తీసుకుంటేనో, శిక్ష పడితేనో చెప్పాలి. ఉద్యోగ ఒప్పందంలో ఏముందో మాత్రం ఎవరిది వారు చదువుకోవాలి. నాది ఆ రాత్రే తీసి చదివాను.

"మీ డాక్టర్లతో చిక్కేమిటంటే ఎక్కువ వివరిస్తారు" అంది ఆవిడ. నిజమే. రోగి బంధువులు ఒక్క ప్రశ్న అడిగితే పది నిమిషాలు చెప్పడం మన అలవాటు. అందుకని ఒక పేజీన్నర వాంగ్మూలం ముందే తయారు చేసింది. ఆ సాయంత్రం ఎవరెక్కడున్నారు, ఏం మాట్లాడుకున్నారు, పిన్నితో ఫోను ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగిసింది, వీధి గుమ్మం వైపు నేను అసలు వెళ్ళలేదు. పక్కింటాయన మంచివాడా చెడ్డవాడా అన్న ఒక్క ముక్క కూడా అందులో లేదు. నేను వ్రాసుకొచ్చిన ఆరు పేజీల్లో సగం అదే. చదివి నవ్వి పక్కన పెట్టేసింది.

అన్నిటికన్నా పనికొచ్చింది ఎదురింటి తలుపు గంటకున్న కెమెరా. అటువంటి కెమెరాల్లో చాలావాటి రికార్డు కొన్ని వారాల్లో తనంతట తానే చెరిగిపోతుంది. నేను వెళ్ళి ఎదురింటివారిని అడుగుతానంటే సొలిసిటర్ గారు వద్దంది. సాక్షులను పట్టుకుని మాట్లాడాడన్న మాట రాకూడదట. తనే ఆ ఇంటివారికి ఉత్తరం పంపి రికార్డు దాచమని కోరింది, పోలీసువారికీ వ్రాసింది. దర్యాప్తు చేసేవారు నిందితుడికి వ్యతిరేకంగా ఉన్నవే కాక, అనుకూలంగా ఉన్న ఆధారాలనూ వెతకాలని 1996 చట్టం కింద ఉన్న నియమావళి చెబుతుంది. ఆ ఒక్క వాక్యం ఎత్తి చూపితే చాలు, పని జరుగుతుంది.

స్టేషనులో నలభై నిమిషాలు పట్టింది. టీ కూడా ఇచ్చారు. వాంగ్మూలం చదివాక ఎన్ని ప్రశ్నలు వేసినా, "చెప్పవలసింది అందులో చెప్పాను" అన్న మాటే అన్నాను. నిశ్శబ్దంగా కూర్చోవడం ఇంత కష్టమని అప్పటిదాకా తెలియదు.

ఏడు వారాలకు ఉత్తరం వచ్చింది, ఇక చర్య లేదని. కెమెరాలో ఆ సాయంత్రం పక్కింటి గుమ్మం ముందుకు వచ్చింది ఒక పార్సెల్ కుర్రాడు మాత్రమేనట.

కాని అమ్మ ఆ ఉత్తరం చూడలేదు. అది రావడానికి పదకొండు రోజుల ముందే ఆమె విమానం ఎక్కింది. ఫోను వచ్చిన రోజు నుంచి తోటలో అడుగు పెట్టలేదు. మెంతికూర ముదిరి, పూత వచ్చి, ఎండిపోయింది. "నేను ఇక్కడికి రాకపోతే నీకీ పోలీసు కేసు ఉండేది కాదు కదురా నాన్నా" అని రోజుకొకసారైనా అనేది. వాడు అబద్ధమాడాడమ్మా, నీ మెంతికూర కాదు అంటే వినేది కాదు. పక్కింటాయన మా దగ్గర పట్టుకుపోయింది ఏదైనా ఉంటే అది ఆ రెండు నెలలు. వాటికి ఏ చట్టం కిందా లెక్క లేదు.

ఆయన మీద తిరిగి కేసు పెట్టాలని నాకూ కోపం వచ్చింది. అబద్ధంతో పోలీసుల సమయం వృథా చెయ్యడం 1967 చట్టం ప్రకారం నేరమే. అయితే దాని మీద కేసు నడపాలంటే ప్రభుత్వ ప్రాసిక్యూషన్ల డైరెక్టరు అనుమతి కావాలి. పరువు నష్టం దావా వేద్దామంటే, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదుకు ఆ దావా నుంచి పూర్తి రక్షణ ఉందని ఇక్కడి అప్పీలు కోర్టు 2008లో తేల్చి చెప్పింది. నిజమైన బాధితులు భయపడకుండా ఫిర్యాదు చెయ్యడానికి ఆ రక్షణ అవసరమేనని డాక్టరుగా నేను ఒప్పుకుంటాను. దెబ్బలతో వచ్చి, "మెట్ల మీంచి పడ్డాను" అని చెప్పే ఆడవాళ్ళను అత్యవసర విభాగంలో ఎందరినో చూశాను. ఒప్పుకున్నాను గాని కోపం మాత్రం పోలేదు.

చర్య లేదన్నా పోలీసు పుస్తకాల్లో పేరు ఉంటుంది. డాక్టర్లకు, నర్సులకు, టీచర్లకు చేసే వివరమైన డి.బి.ఎస్. తనిఖీలో, అవసరమని పోలీసు అధికారి అనుకుంటే శిక్ష పడని సంగతులు కూడా బయటపెట్టే అధికారం ఉంది. అలా పెడితే స్వతంత్ర పరిశీలకుడికి విన్నవించుకోవచ్చు. అందుకని నా గురించి వారి దగ్గర ఏమున్నదో ఇమ్మని డేటా రక్షణ చట్టం కింద అడిగాను. పంపించారు. ఆ కాగితాలూ, చర్య లేదన్న ఉత్తరమూ, ఎం.బి.బి.ఎస్. పట్టా ఉన్న ఫైల్లోనే పెట్టాను.

ఇల్లు అమ్మేసి పోదామని మా ఆవిడ కొన్నాళ్ళు పట్టుబట్టింది. అమ్మేటప్పుడు మామూలుగా నింపే ఫారంలో ఇరుగుపొరుగుతో తగాదాలున్నాయా అని అడుగుతారు, ఉన్నది లేదంటే కొన్నవాళ్ళు దావా వేస్తారు. అందుకని ఇక్కడే ఉన్నాం. కంచె అక్కడే ఉంది. పక్కింటాయన ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుంటాడు, నేను గుడ్ మార్నింగ్ చెబుతాను. వచ్చే వేసవికి అమ్మ మళ్ళీ వస్తానంది. మెంతులు తెస్తుందట గాని, మడి మాత్రం వంటింటి కిటికీ కింద వెయ్యమంది.