రొయ్య పిల్లకి గాలి కొట్టే మిషనే ఆ పాత కారు ముక్కు మీద ఉంది

మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పు తేదీలు, కులధ్రువీకరణ పత్రాల గొడవలు వస్తుంటాయి. నేను ఈసారి ఒక మిషను గురించి రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి. సముద్రం ఒడ్డున హేచరీల్లో పనికి వెళ్తున్న మన పిల్లలు ఉంటే మాత్రం చివరిదాకా చదవండి. వాళ్ళ జీతానికి సంబంధించిన మాట ఇందులో ఉంది.

నాది గుమ్మలక్ష్మీపురం వైపు కొండ మీద ఊరు. జాతాపు కుటుంబం. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. చీపురుపల్లిలో హాస్టల్లో ఉండి డిప్లొమా మెకానికల్ చదువుతున్నాను. ఆదివారాలు, సెలవు రోజులు రాజాం రోడ్డు వైపు ఒక షెడ్డులో పని చేస్తాను. అక్కడికి మోటార్లు, పంపులు, పిండిమర బేరింగులు, అన్నీ వస్తాయి. వాటితోపాటు భోగాపురం, భీమిలి ఒడ్డున ఉన్న రొయ్యల హేచరీల నుంచి బ్లోయర్లు కూడా వస్తాయి. చుట్టుపక్కల వాటిని సరిగా విప్పి బిగించేవాళ్ళు తక్కువ, మా మేస్త్రికి ఆ పేరు ఉంది.

బ్లోయర్ అంటే తెలియని వాళ్ళకి. రొయ్య పిల్ల పెరిగే ట్యాంకుల్లో రాత్రీ పగలూ గాలి బుడగలు రావాలి. ట్యాంకు అడుగున చిన్న చిన్న గాలిరాళ్ళు ఉంటాయి, పైపులోంచి గాలి వచ్చి వాటి గుండా బుడగలవుతుంది. గాలి ఆగితే మేత, పిల్ల అడుగుకి దిగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. లక్షల పిల్ల ఉండే ట్యాంకు అది. అందుకే కరెంటు పోతే వెంటనే జనరేటరు వెయ్యాలి, ఒక బ్లోయర్ ఆగితే రెండోది తిప్పాలి. ఆ రాత్రి కాపలా కాసేది ఎక్కువగా మన వైపు నుంచి వెళ్ళిన కుర్రాళ్ళే.

లోపల ఏముంటుందంటే, ఎనిమిది అంకె ఆకారంలో రెండు ఇనుప లోబులు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. తమాషా ఏమిటంటే అవి ఒకదానికొకటి తగలవు, చుట్టూ ఉన్న గోడకీ తగలవు. మధ్యలో ఉండే సందు మిల్లీమీటరులో పదో వంతు, రెండో మూడో వంతులు, అంతే. వాటిని తగలకుండా పట్టి ఉంచేది పక్క పెట్టెలో నూనెలో తిరిగే రెండు గేర్లు. లోబులున్న గదిలో నూనె చుక్క ఉండదు, ఉండకూడదు. నూనె గేర్లకీ బేరింగులకే.

ఇక కారు సంగతి. పోయిన సెమిస్టరులో సెమినార్ ఇవ్వాలన్నారు. నాకు వచ్చిన టాపిక్కు సూపర్‌చార్జర్. టౌను కుర్రాడొకడు వెనక బెంచీలోంచి "కారెక్కి తిరగనోడు సూపర్‌చార్జర్ సెప్తాడట" అన్నాడు. నవ్వారు. నేను ఊరుకున్నాను. హాస్టల్‌కి వచ్చి ఫోన్‌లో బొమ్మలు వెతుకుతుంటే ఒక పాత బెంట్లీ రేసు కారు కనిపించింది. రేడియేటరు ముందు, కారు ముక్కు మీద, ఏదో పెద్ద ఇనుప పెట్టె బయటికి పొడుచుకొని ఉంది. దాన్ని కోసి చూపించిన బొమ్మ తీశాను. లోపల రెండు ఎనిమిది అంకెలు! పక్కన రెండు గేర్లు. శనివారం నేను కడిగి గ్రీజు తుడిచిన మిషనే అది.

ఆ కారుని బ్లోయర్ బెంట్లీ అంటారు. మన హేచరీ మాటే! 1929, 30 లలో తయారైంది, మొత్తం 55 మాత్రమే. టిమ్ బర్కిన్ అనే రేసు డ్రైవరు పట్టుబట్టి చేయించాడు, సూపర్‌చార్జరు ఆంహెర్స్ట్ విలియర్స్ అనే ఇంజనీరుది. కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకే అది ఇష్టం లేదు. స్పీడు కావాలంటే ఇంజనే పెద్దది చెయ్యాలి గాని గాలి బలవంతంగా తోయకూడదని ఆయన పట్టు. 1930 లీ మాన్ రేసులో బ్లోయర్ కార్లు రెండూ మధ్యలోనే ఆగిపోయాయి, గెలిచింది ఆయన పెద్ద ఇంజన్ కారు. అదే ఏడు ఫ్రాన్సులో పో ఊరి దగ్గర జరిగిన గ్రాండ్ ప్రీలో మాత్రం బర్కిన్ అదే బ్లోయర్ బండితో రెండో స్థానంలో వచ్చాడు. రేసులు ఎక్కువ గెలవని ఈ కారే జనానికి గుర్తుండిపోయింది. ఈమధ్య బెంట్లీ కంపెనీ పాత కొలతలతోనే మళ్ళీ 12 కార్లు చేసి అమ్మింది.

నాన్నకి ఫోన్‌లో సూపర్‌చార్జర్ అంటే ఏమిటో చెప్పడానికి ఎంతో తిప్పలు పడక్కర్లేకపోయింది. "కొలిమి దగ్గర తిత్తి ఊదితే బొగ్గు ఎలగ మండుతాది?" అన్నాను. "ఊదినంత మండుతాది" అన్నాడు. అంతే. మామూలు ఇంజను తన ఊపిరి తానే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జరు తిత్తిలా గాలిని లోపలికి తోస్తుంది. గాలి ఎక్కువ వెళ్తే దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ పొయ్యొచ్చు, బలం పెరుగుతుంది. ఈ మిషను అసలు పుట్టింది కూడా కార్ల కోసం కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో కానర్స్‌విల్ అనే ఊళ్ళో ఉన్ని మిల్లు నడిపే రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంటు తీసుకున్నారు. మిల్లు తిప్పడానికి మంచి నీటి చక్రం కావాలని మొదలెట్టారట. చెక్కతో చేసిన లోబులు నీళ్ళకి ఉబ్బి పట్టేశాయని, చెక్కి మళ్ళీ బిగించి తిప్పి చూస్తే గాలి గట్టిగా కొట్టిందని కథగా చెప్పుకుంటారు. ఉబ్బి పట్టెయ్యడం అనే మాట గుర్తుంచుకోండి, తర్వాత పని ఉంది.

సెమినార్‌కి షెడ్డులో పాడైపోయిన లోబుల జత ఒకటి గోనెసంచిలో వేసుకొని తీసుకెళ్ళాను. బల్ల మీద పెట్టి చేత్తో తిప్పి చూపించాను. నవ్వినవాడు కూడా వచ్చి తిప్పి చూశాడు. అక్కడితో అది అయిపోయింది.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు.

వేసవిలో ఒక హేచరీ నుంచి ఆటోలో బ్లోయర్ వచ్చింది. పూర్తిగా పట్టేసింది, పుల్లీ చేత్తో కదలదు. సూపర్‌వైజరు బైకు మీద వచ్చాడు. ఆటోలో మిషను పట్టుకొని కూర్చున్న కుర్రాడు దిగి పక్కన నిలబడ్డాడు. మాట వినగానే తెలిసింది, సీతంపేట వైపు సవర తమ్ముడు. సూపర్‌వైజరు వస్తూనే "మేస్త్రీ, ఈడు నూనె పొయ్యలేదు, మిషను పోయింది. బిల్లు మీద నూనె లేక పోయిందని రాసిచ్చీ, ఈడి జీతంలో కోసుకుంటాం" అన్నాడు. బాగుకి ఎంత తక్కువన్నా 22,000 అవుతుంది. ఆ తమ్ముడి జీతం నెలకి 12,000. మేస్త్రికి ఆ హేచరీ ఏడాదికి ఆరేడు పనులు ఇస్తుంది. ఆయన ఏమీ అనలేదు. "ఇప్పరా బాబూ, ముందు నూనె సూడు" అన్నాడు నాతో.

డ్రెయిన్ బోల్టు కింద తెల్లటి డబ్బా పెట్టి విప్పాను. నూనె వచ్చింది, లెవెల్‌కి తగ్గట్టు నిండుగా, తేనె రంగులో. మాడిన వాసన లేదు, వేళ్ళతో రుద్దితే ఇనుప పొడి తగల్లేదు. రెండో వైపు కూడా అంతే. గేరు పెట్టె మూత తీశాం. పళ్ళు శుభ్రంగా ఉన్నాయి, నీలం రంగు తిరగలేదు, అరగలేదు. నూనె లేకుండా తిరిగిన మిషనైతే ముందు గేర్లు, బేరింగులు మాడాలి. గేర్లు అరిగితే లోబుల జత తప్పి లోబుకి లోబు తగలాలి. లోబుల గది విప్పితే లోబుకి లోబు తగిలిన గీత ఒక్కటి లేదు. గీతలన్నీ లోబుల చివర, పక్క ప్లేటుకి ఒరుసుకున్నచోట ఉన్నాయి. అక్కడ ఇనుము నీలంగా మారింది. అంటే లోబులు వేడికి పొడవు పెరిగి ప్లేటుకి పట్టేశాయి. రూట్స్ వాళ్ళ చెక్క నీటికి ఉబ్బింది, మా ఇనుము వేడికి ఉబ్బింది.

వేడి ఎక్కడిది? ఈ మిషను గుణం ఏమిటంటే, ఒక్కో చుట్టుకి ఇంత గాలి అని లెక్క ప్రకారం అవతలికి తోస్తూనే ఉంటుంది. అవతల దారి ఉందా లేదా దానికి అనవసరం. దారి మూసుకుంటే ప్రెషర్ పెరుగుతూ పోతుంది. మీటరు లోతు నీటికి కావల్సింది 0.1 కేజీ ప్రెషరే. ట్యాంకు లోతు, పైపులు, రాళ్ళు అన్నీ కలిపినా 0.2, 0.25 దాటక్కర్లేదు. అది అర కేజీకి వెళ్తే లోపలికి పోయిన గాలి కన్నా బయటికి వచ్చే గాలి దగ్గర దగ్గర యాభై డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. ఎండాకాలం షెడ్డులో ఇంకా ఎక్కువ. అందుకే రిలీఫ్ వాల్వ్ అని స్ప్రింగు వాల్వు పెడతారు. ప్రెషర్ హద్దు దాటితే అది తెరుచుకొని గాలిని వదిలెయ్యాలి. పాత సూపర్‌చార్జర్ కార్లకి కూడా ఇలాంటి వాల్వు ఉంటుంది. వాటిలో కార్బురేటరు చాలా వరకు బ్లోయర్‌కి ముందే ఉంటుంది కాబట్టి పెట్రోలు కలిసిన గాలే లోబుల గుండా వెళ్తుంది, ఇంజను వెనక్కి పేలితే ఆ మంట పైపులో పడి బ్లోయర్ పగిలిపోకుండా వాల్వు తెరుచుకుంటుంది.

మిషనుతోపాటే వచ్చిన రిలీఫ్ వాల్వుని బల్ల మీద పెట్టాను. ఉప్పు గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టినా స్ప్రింగు కదల్లేదు. ఎయిర్ ఫిల్టరు దులిపితే తెల్లటి ఉప్పు, నల్లటి మట్టి కలిసి పెళ్ళలుగా ఊడింది.

అప్పుడు ఆ తమ్ముడిని అడిగాను. మొదట మాట్లాడలేదు. మేస్త్రి టీ తెప్పించాక చెప్పాడు. సగం ట్యాంకులు కడగడానికి ఖాళీ చేశారు, వాటి గాలి వాల్వులు మూయమన్నది సూపర్‌వైజరే. మిగిలిన ట్యాంకుల్లో రాళ్ళు ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలీదు. గేజి ముల్లు సున్నా దగ్గరే ఆగిపోయి చాన్నాళ్ళయింది. "పైపు ముట్టుకుంటే సెయ్యి కాలిందన్నా. ప్లాస్టిక్ పైపు మెత్తబడి వొంగిపోయింది. రెండ్రోజుల ముందే ఫోన్ సేసి సెప్పినాను" అన్నాడు. ఫోన్‌లో వంగిన పైపు ఫోటో కూడా ఉంది, వాళ్ళ చెల్లికి చూపించడానికి తీశాడట. నూనె లెవెల్ గాజు రోజూ చూసి గోడ మీద సుద్దతో గీత పెట్టేవాడు. నూనె సంగతి అతనికి నా కన్నా బాగా తెలుసు.

నేను నూనె సీసాలో పోసి పక్కన పెట్టాను, గేర్లకీ లోబు చివరలకీ ఫోటోలు తీశాను. బిల్లు పుస్తకంలో చూసినవే రాశాను: నూనె రెండు వైపులా లెవెల్‌లో ఉంది, గేర్లు బాగున్నాయి, రిలీఫ్ వాల్వు బిగుసుకుపోయింది, గేజి పనిచెయ్యట్లేదు, వేడికి లోబులు పట్టేశాయి. మేస్త్రి ఆ కాగితం చాలాసేపు చూశాడు. ఆయనకి పెళ్ళికెదిగిన కూతురుంది, హేచరీ పనులు పోతే నష్టం ఆయనకే. "నూనె లేకపోతే గేరు సెప్తాది. గేరు అలగ సెప్పట్లేదు కదరా" అని సంతకం పెట్టాడు. సూపర్‌వైజరు కాగితం తీసుకొని బైకెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ హేచరీ నుంచి మాకు పని రాలేదు. తమ్ముడి జీతంలో కోత పెట్టలేదు గాని, ఆ నెల జీతం నెలన్నర ఆలస్యంగా ఇచ్చారు. అతను ఆ డబ్బు తీసుకొని జీడితోట పనికి ఇంటికి వెళ్ళాడు.

కాబట్టి హేచరీల్లో ఉన్న తమ్ముళ్ళు, బావలు, మీకు చెప్పేది. నూనె మిషను ఆగినప్పుడే చూడండి, గాజులో సగం చాలు. ఎక్కువ పోస్తే నురగ కట్టి సీలు దాటి గాలిలోకి వెళ్తుంది. కారులో అయితే అదే నూనె ఇంజనులోకి పోయి నీలం పొగగా కనిపిస్తుంది. బెల్టు మరీ బిగించొద్దు, బేరింగు పోతుంది. రిలీఫ్ వాల్వుని వారానికొకసారి చేత్తో లేపి చూడండి. ట్యాంకులు మూసినప్పుడు గాలిని బయటికి వదిలే వాల్వు ఒకటి తెరిచి ఉంచమని అడగండి, అడిగినట్టు మెసేజ్ పెట్టండి. నోటి మాట చాలదు. చాన్నాళ్ళు ఆగి ఉన్న మిషనుని స్విచ్చి వేసే ముందు పుల్లీ పట్టుకొని చేత్తో ఒక చుట్టు తిప్పండి. పాత కార్లు గ్యారేజీలో దాచుకున్నవాళ్ళు కోట్ల బండికి కూడా ముందు ఇదే చేస్తారు. చప్పుడు మారితే పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస పెట్టెకి, ఒక కొస చెవి దగ్గర పెట్టి వినండి. గేర్ల వైపు గరగర వేరు, లోబుల వైపు టకటక వేరు. నాలుగు రోజులు వింటే తెలిసిపోతుంది. అన్నిటికన్నా ముందు పనిచేసే గేజి పెట్టించండి. దాని ఖరీదు బాగు ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

ఆ తమ్ముడు ఇప్పుడు వేరే హేచరీలో చేరాడు. మొన్న కనకమహాలక్ష్మి గుడి దగ్గర నేను ఉండగా ఫోన్ చేశాడు. "అన్నా, ఇక్కడ గేజి 0.35 సూపిస్తంది, ట్యాంకులన్నీ తెరిసే ఉన్నాయి" అన్నాడు. ఒక ట్యాంకు రాళ్ళు తీసి కడిగి, ముల్లు ఎంత దిగిందో చూడమన్నాను. రాత్రి డ్యూటీలో చూసి చెప్తానన్నాడు.