యంత్రము వెనుక నడచువారు

తారురోడ్డు చెడినప్పుడు పాతదానిపైననే క్రొత్త పొర వేయుట మన పట్టణములలో చిరకాలపు టలవాటు. పొరపై పొర పడినకొలది రోడ్డు పెరుగును, ఇంటి గడప కుంగును. తుదకు వాన కురిసిన రాత్రి వీధినీరు వంటింట ప్రవేశించును. ఈ కష్ట మెరిగిన గృహిణులు పెక్కండ్రు. దీనికి విరుగుడు పాత పొరను గీకివేసి, తీసినంత మేరకే క్రొత్తది వేయుట. అందులకై యేర్పడినది మిల్లింగు యంత్రము.

దానిని నడపుట మేము కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు 40వ నెంబరు జాతీయ రహదారిమీద ఒక వేసవిలో నేర్చుకొంటిమి. చదువుకొన్నవాడు రోడ్డుపనికి పోవుట యేమని బంధువులు నొచ్చుకొనిరి. పుస్తకము పట్టిన చేయి మీట పట్టినచో మైలపడునను భ్రమ మన యిండ్లను ఇంకను వదలలేదు. వాదించుటకంటె పనికి పోవుటయే మేలని మాకు తోచెను.

యంత్రము కడుపులో నొక ఉక్కు డ్రమ్ము, దానిచుట్టు నూటికి పైగా పళ్లు. పంటి మొన టంగ్‌స్టన్ కార్బైడను మిక్కిలి గట్టి పదార్థము. డ్రమ్ము యంత్రపు నడకకు ఎదురుగా తిరుగుచు తారును క్రిందినుండి పైకి పెకలించును. ఆ పెళ్లలు బెల్టుమీద నెక్కి ముందు పోవు టిప్పరులో పడును. ప్రతి పన్నును తన గూటిలో తాను తిరుగుచుండవలెను. తిరుగక బిగిసినచో ఒక ప్రక్కనే యరిగి చెడును. కావున ఇంజను నాపి, తాళపుచెవి తీసి, పళ్ల నొక్కొక్కటిగా చేతితో త్రిప్పి చూచుట మా మొదటి పాఠము. ఇరుప్రక్కల లోతును వేరువేరుగా సరిచూచుట రెండవది. రొదలోని మార్పును చెవితో పట్టుట మూడవది.

మాకు నేర్పిన పెద్ద ఆపరేటరు అన్నిటికంటె నీటిని గూర్చియే యెక్కువ చెప్పెడివాడు. డ్రమ్ముపై చిమ్ము నీరు పళ్లను చల్లార్చుటయే గాక ధూళిని అణచును. "ముందర చూసేది ఎవురైనా నేర్చుకుంటారప్పా. యెనక చూసేవాడే డ్రైవరు" అనెను. వెనుక నుండువారు చీపుళ్లు పట్టిన స్త్రీలు. యంత్రము వదలిన పొడిని ఊడ్చుట వారి పని.

ఆ పొడిలో కంటికి కనబడని సిలికా రేణువు లుండును. అవి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ పుట్టును. దానిని కుదుర్చు మందు లేదు. మన సీమ నాపరాతిలో సిలికా తక్కువ. బనగానపల్లె పేర పిలువబడు క్వార్ట్‌జైటు శిలలో మిక్కిలి హెచ్చు. రోడ్డులోని కంకర యే గుట్టనుండి వచ్చెనో చీపురు పట్టిన యామెకు తెలియదు. అమెరికాలోని వృత్త్యారోగ్య పరిశోధన సంస్థ యొకటి, ధూళిని పుట్టినచోటనే పీల్చివేయు ఏర్పాటును, దానితోపాటు నీటిజల్లును సూచించుచు 2015లో మార్గదర్శకములు ప్రకటించినది.

ఒకనాటి మధ్యాహ్నము నీళ్ల ట్యాంకరు రాలేదు. పని చేయించువారిలో నొకరు వచ్చి, "ఇంక నూరు గజాలే గదా, కానీండి. పల్లెల్లో కడవ నీళ్లకు కొట్లాడుతుంటే మీరు రోడ్డుకు పోయాలంటారా?" అనిరి. కరవుసీమలో ఆ మాటను త్రోసివేయుట సులభము కాదు. పెద్ద ఆపరేటరు ఇంజను నాపి దిగి, "రోడ్డుకు కాదు సామీ, ఆ ఆడోళ్ల ఊపిరికి" అనెను. స్త్రీలు వేపచెట్టు నీడకు పోయిరి. ట్యాంకరు వచ్చుటకు రెండు గంటలు పట్టెను. ఆ రెండు గంటల కూలి తెగునా యని వారిలో నొకామె యడిగెను. ఎవరును బదులు చెప్పలేదు.

ఈ ప్రశ్న మన సీమలో పాతది. 1876-78 కరవులో ఇచ్చటి ప్రజలు కూలికై రోడ్లకు కంకర కొట్టిరి. 1877లో సర్ రిచర్డు టెంపులు నిర్ణయించిన కూలి మగవానికి దినమునకు 450 గ్రాముల ధాన్యము, ఒక అణా. స్త్రీకి అంతకంటె తక్కువ. ఆ కూటితో దేహము నిలువదని మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు గట్టిగా వాదించెను. నాడు కొలిచినది కంకరకుప్పను. కొట్టినవారి దేహమును గాదు. నేడు కొలుచునది గీకిన చదరపు మీటర్లను. కొలత మారినది గాని కొలుచు తీరు మారలేదు.

యంత్రవిద్య మన బిడ్డలు నేర్చుట మంచిదే. కొడుకులే కాదు, కూతుళ్లును నేర్వవలెను. మీట పట్టుటకు కావలసినవి చెవి, ఓపిక, వెనుకచూపు. ఇవి స్త్రీలకు లేవని యెవ రనగలరు? అట్లయిన చీపురు వారికి, మీట మగవారికి అను పంపకము ఏ శాస్త్రమున నున్నది?

మీ వీధికి ఈ యంత్రము వచ్చిననాడు గడప నిలిచినదని సంతోషించుడు. కాని వాకిట నిలిచి దాని వెనుక ఒకసారి చూడుడు. నేల తడిగా నున్నదా, ధూళి లేచుచున్నదా? ధూళి లేచినచో పని యాపుమని యడుగుడు. ఆపిన గంటకు ఆ స్త్రీలకు కూలి యిత్తురా యని కూడ అడుగుడు.