ఊ కొట్టినంత మాత్రాన

సిగ్నలుతో ముడిపడని లెవెల్ క్రాసింగు దగ్గర, రైలు వస్తోంది గేటు వెయ్యమని స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తే, "వేశాను సార్" అంటే సరిపోదు. గేట్‌మన్ తన దగ్గరున్న షీటులోంచి ఒక ప్రైవేటు నంబరు చెప్పాలి. మాస్టరు దాన్ని టైముతో సహా రిజిస్టరులో రాసుకుంటాడు. ఒకసారి వాడిన నంబరు కొట్టేస్తారు. మన ఆఫీసుల్లో అలాంటిదేమీ లేదు. "శుక్రవారంలోపు ఆ ఫైలు చూడండి" అంటారు మేనేజరు. ఇవతల తల ఊగుతుంది. చూడడమంటే చదవడమా, సరిచేసి పంపడమా? తేడా బయటపడేది సోమవారం, అరుపులతో. నింద మాత్రం ఎప్పుడూ విన్నవారికే. నన్నడిగితే, చెప్పినవారి పని చెప్పడంతో అయిపోదు; ఎదుటివారికి ఏం అర్థమైందో వారి నోటే విన్నాకే అవుతుంది.

చిలకలా అప్పజెప్పించుకుంటే ఒరిగేదేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద కేఎల్ఎం, పాన్ యామ్ విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. కేఎల్ఎం కోపైలట్ ఆ రోజు కంట్రోలరు చెప్పినదంతా తిరిగి అప్పజెప్పాడు కూడా. కాకపోతే చివర్లో టేకాఫ్ గురించి ఒక ముక్క చేర్చాడు. బయలుదేరుతున్నారో, సిద్ధంగా ఉన్నారో తేలని ముక్క. కంట్రోలరు "ఓకే" అన్నాడు. ఆ వెంటనే ఆగమన్నాడు గానీ, అదే క్షణంలో పాన్ యామ్ వాళ్ళూ మాట్లాడడంతో కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమన్న మోత వినిపించింది. రెండో విమానం రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీరు అనుమానపడితే కెప్టెన్ కొట్టిపారేశాడు. అంటే, అప్పజెప్పినదాన్ని సరిచూసేవారూ ఉండాలి, పెద్దాయనను ఆపగల చనువు కింది వాళ్ళకూ ఉండాలి. ఆ తర్వాత, టేకాఫ్ అన్న మాటను అనుమతి ఇవ్వడానికో రద్దు చెయ్యడానికో తప్ప వాడకూడదని కట్టడి చేశారు.

ఆఫీసులో విమానాలు ఢీకొనవు, నిజమే. ప్రతి మాటకూ ఈ తంతు పెడితే టీ తాగే తీరికా ఉండదు. ఎవరు, ఏ పని, ఎప్పటికి అన్న దగ్గర పెట్టుకుంటే చాలు. అసలు చిక్కు అహం దగ్గర ఉంది. "ఏం అర్థమైందో చెప్పు" అంటే బడిపిల్లాణ్ణి నిలబెట్టినట్టే. "నేను సరిగ్గా చెప్పానో లేదో, ఒకసారి మీరనండి" అంటే ఆ బరువు చెప్పినవారి మీద పడుతుంది. విన్నవారే చొరవ తీసుకుని "గురువారం సాయంత్రానికి లెక్కలు సరిచేసి పంపాలి, అంతేగా సార్?" అంటే మరీ మంచిది. మీటింగు చివర "అందరికీ అర్థమైందిగా?" అని అడగడమంత దండగమారి పని మరొకటి లేదు, పదిమందిలో కాలేదనేది ఎవరు? దాని బదులు "ఇది ఎవరు చేస్తున్నారు, ఎప్పటికి?" అని అడిగి చూడండి. ఇద్దరు ఒకేసారి నోరు తెరుస్తారు, చెరో తేదీ చెబుతూ.