కసువు ఊడ్చేవాళ్ళు, నడిచేవాళ్ళు

మా తిరుపతి వైపు చెత్తని కసువంటాం. బెంగుళూరులో సర్వర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరాక 'గార్బేజ్ కలెక్షన్' అన్న మాట రోజూ చెవిన పడేది. విన్నప్పుడల్లా నాకు కంప్యూటర్ మెమరీ కంటే ముందు కొండమీద కసువు ఊడ్చే మా అత్త గుర్తొచ్చేది. పుస్తకాల్లో దీన్నే 'ఆటోమేటిక్ మెమరీ మేనేజ్‌మెంట్' అని కూడా అంటారు. ఆ 'ఆటోమేటిక్' దగ్గరే నాకు పేచీ. తిరుమల వీధులు ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మెచ్చుకునేవాళ్ళు కూడా, అవి వాటంతటవే శుభ్రపడుతున్నట్టు మాట్లాడతారు.

అసలు మెమరీలో కసువంటే ఏది? పాతబడింది కాదు, పనికిరానిదీ కాదు. దాని దగ్గరికి పోయే దారి ఎవరి దగ్గరా మిగలనిది. చెప్పుల స్టాండులో టోకెన్ చేతిలో ఉన్నంతవరకూ తెగిన చెప్పు కూడా ఒకరి ఆస్తే. ఆ టోకెన్ ఎవరి చేతిలోనూ లేకపోతే నిన్న కొన్న జత కూడా అనాథే. జాన్ మెకార్తీ లిస్ప్ భాష గురించి 1960లో ప్రచురించిన పేపర్లో చెప్పిన పద్ధతి ఇదే. ప్రోగ్రాం చేతిలో ఉన్న టోకెన్లతో మొదలుపెట్టి, వాటి వెంట చేరగలిగిన ప్రతి వస్తువుకీ గుర్తు పెట్టడం, గుర్తు పడని వాటిని ఊడ్చెయ్యడం. ఒకటే చిక్కు. ఊడ్చినంతసేపూ ప్రోగ్రాం ఆగిపోవాలి.

ఆగడం తిరుమలకీ తెలుసు. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి - ఈ నాలుగింటికీ ముందొచ్చే మంగళవారం కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి, కొన్ని గంటలపాటు దర్శనం ఆపి, గోడలూ పైకప్పూ అన్నీ కడిగి, నామకోపు, కిచిలిగడ్డ, పచ్చాకు, గడ్డ కర్పూరం కలిపిన పరిమళ జలం చల్లుతారు. లోకాన్ని ఆపి శుభ్రం చెయ్యడమంటే అదే. ఏడాదికి నాలుగుసార్లు గనక సరిపోయింది.

మిగిలిన రోజుల్లో జనం ఆగరు. గరుడసేవ రాత్రి మాడవీధుల్లో ఇసకేస్తే రాలనంత మంది. అత్త ఆ కాళ్ళ మధ్యే వంగి ఊడుస్తుంది. "కాలు తియ్ నాయనా" అంటే వెంటనే తీసేవాళ్ళు తక్కువ.

వందల పనులు ఒకేసారి నడిచే ప్రోగ్రాములదీ ఇదే అవస్థ. 1978లో డైక్‌స్ట్రా, లాంపోర్ట్, మరో ముగ్గురు కలిసి, ప్రోగ్రామును ఆపకుండానే ఊడ్చే పద్ధతి ఒకటి ప్రచురించారు. ఆ పేపరు ఉపశీర్షికలో 'సహకారం' అన్న మాట ఉంటుంది. ఆ మాట ఎందుకొచ్చిందో చూద్దాం.

ఒక హాల్లో బ్యాగులు కుప్పగా ఉన్నాయనుకోండి. ఊడ్చే మనిషి వరసగా ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తోంది: "మీ టోకెన్ ఏ బ్యాగుది?" చెప్పిన బ్యాగుకల్లా సుద్దముక్కతో గీత పెడుతోంది. మొదటి వరస అయిపోయింది. రెండో వరసలో ఒక తాత ఉన్నాడు. తనవంతు రాకముందే తన టోకెన్‌ని మొదటి వరసలోని మనవరాలికిచ్చి బయటికెళ్ళాడు. మనవరాలిని అడగడం ఎప్పుడో అయిపోయింది. తాత చేతిలో ఇప్పుడు టోకెన్ లేదు. గీత పడని ఆ బ్యాగు కసువులోకి పోతుంది. అందులో తాత మందులున్నాయి.

ఇక్కడ ఊడ్చే మనిషి ఎంత జాగ్రత్తగా ఉన్నా లాభం లేదు. టోకెన్ చేతులు మారేటప్పుడు తాతే ఒక మాట చెప్పాలి, "అమ్మా, ఆ బ్యాగు మాదే" అని. దీన్ని 'రైట్ బ్యారియర్' అంటారు. ఊడ్పు సాగుతుండగా ప్రోగ్రాం ఒక టోకెన్ మార్చిన ప్రతిసారీ ఆ కాస్త మాట చెప్పి తీరాలి. దానికి ఖర్చుంది, ప్రతి అడుగూ పిసరంత బరువవుతుంది. లోకం ఆగడం పోయింది గానీ, ఆ భారం ఎక్కడికీ పోలేదు. నడిచేవాళ్ళందరూ తలా కాస్త మోస్తున్నారు.

ఎరిక్‌సన్ కంపెనీలో పుట్టిన ఎర్లాంగ్ భాషది ఇంకో దారి. అందులో ప్రతి చిన్న పనికీ దాని మెమరీ దానిదే. ఒకదాన్ని ఊడుస్తుంటే పక్కది ఆగక్కర్లేదు. పని ముగిస్తే దాని చోటంతా ఒక్కసారే ఖాళీ. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒక బంతి లేచాక ఎవరి ఆకు ఏదని అడగరు కదా, అన్నీ ఎత్తేస్తారు. పక్క హాల్లో భోజనాలు నడుస్తూనే ఉంటాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం గో భాషలోని ఏర్పాటు. 2015లో వచ్చిన 1.5 వెర్షన్‌తో దాని ఊడ్పు చాలావరకు ప్రోగ్రాంతోపాటే నడవడం మొదలైంది. పూర్తిగా ఆపే సమయం 10 మిల్లీసెకన్లు దాటకూడదన్నది లక్ష్యం. ఊడ్పు సాగుతుండగా ఏదైనా పని విపరీతంగా కొత్త మెమరీ వాడేస్తుంటే, దాన్ని కాసేపు పట్టుకుని గుర్తులు పెట్టే పనిలో కూర్చోబెడతారు. ఎంత వాడితే అంత చాకిరీ. లేకపోతే ఊడ్చేవాళ్ళు ఎప్పటికీ వాడేవాళ్ళని అందుకోలేరు.

పోయిన సంక్రాంతికి ఇదంతా అత్తకి చెప్పాను. మోకాళ్ళకి నూనె రాసుకుంటూ వింది.

"అయితే మీ మిషన్లో ఎక్కువ పారేసేటోడు కూడా పొరక పట్టాల్సిందేనా అబ్బోడా?"

"పట్టాల్సిందే అత్తా. పట్టేదాకా వాడి పని ముందుకు జరగదు."

"మంచి మిషనే," అంది. కాసేపాగి, "ఈడ పొరక పట్టకపోయినా పర్లేదులే. కాలు తీస్తే చాలు," అంది.