చంపావతి మొగయొద్ద

మా గజపతినగరము ప్రక్కగా పాఱు చంపావతి కోనాడయొద్ద సముద్రమున గలియును. గత యాశ్వయుజమున మే మచటి కేగితిమి. మా చిన్నవాడు గాలము వేయ నుబలాటపడుచుండెను. ఎండ కాయుచుండెను, గాలి లేదు. అయినను తెప్పలన్నియు నొడ్డుననే యుండెను.

"గాలి లేకుండా కెరటం పెరుగుతోంది, నేడొద్దు బాబూ" అని యొక పల్లెవారి వృద్ధురాలు వారించెను. దూరమందలి వాయుగుండము రేపిన కెరటములు గాలికంటె ముందే తీరము చేరును. వెచ్చని సముద్రజలమే దానికి బలము. 2014 అక్టోబరు 12వ తేదీని విశాఖయొద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపానును ఆమె మఱువలేదు.

చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు మరపడవల వేట నిషిద్ధము. పిమ్మట కొలదినెలలకే యీ తుపానుల ఋతువు. కూటికై పోవువారే మానినప్పుడు వేడుకకై మేము పోవుట తగునా? బాలుడు కన్నీరు తుడుచుకొని గాలము చుట్టెను.

తెల్లవాఱుజామున పెనుగాలి వీచెను. బిడ్డడు మా ప్రక్కనే నిద్రించుచుండెను.