బొగ్గుబాయిలో పెద్దబండ్లు

కాజీపేటలో బల్లార్షా వైపు పోయే రైలెక్కి, గోదావరి వంతెన రాకముందే రామగుండం స్టేషనులో దిగండి. అక్కడి నుంచి గోదావరిఖని వైపు పోతుంటే దూరాన కొన్ని గుట్టలు కనిపిస్తాయి. వాటికి శిఖరాలుండవు, కత్తితో కోసినట్టు తలలు చదునుగా ఉంటాయి. ఎందుచేతనంటే అవి పుట్టిన గుట్టలు కావు, పోసిన గుట్టలు. నేల అడుగునున్న బొగ్గును అందుకోవటానికి పైనున్న మట్టినీ, ఇసుకరాతినీ తవ్వి అలా పోగు వేశారు.

బొగ్గుగనిని ఇక్కడివాళ్లు "బాయి" అంటారు. పూర్వపు బాయిలు చాలామటుకు భూమిలోపలి సొరంగాలు. ఇప్పుడు అనేకచోట్ల నేలను పైనుంచే తెరిచి తవ్వుతున్నారు. దీన్ని ఓపెన్ కాస్ట్ అంటారు. అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. అనుమతి దొరికి అంచున నిలబడితే మాత్రం, ఊరంత దిగుడుబావిలోకి తొంగి చూస్తున్నట్టే ఉంటుంది. మెట్లు మెట్లుగా కోసిన గోడలు, అడుగున నల్లటి బొగ్గుపొర, అక్కడి నుంచి పైదాకా ఎక్కే మట్టిరోడ్డు. ఆ రోడ్డు మీద పసుపుపచ్చని బండ్లు చీమల్లా పాకుతుంటాయి.

దగ్గరికి వస్తేగాని వాటి సంగతి తెలియదు. అవి డంపర్లు. వాటిలో పెద్దవి ఒక్కసారికి సుమారు 100 టన్నులు మోస్తాయి. ఒక్కొక్క టైరు ఎత్తు తొమ్మిది అడుగుల దాకా ఉంటుంది. మీ నాన్నగారు పక్కన నిలబడి చెయ్యి పైకెత్తినా పైఅంచు అందటం కష్టం. డ్రైవరు తన గదిలోకి నిచ్చెన ఎక్కి పోవాలి. బండి బరువు, సరుకు బరువు కలిపితే 160 టన్నుల పైమాటే.

ఇంత బరువును నడిపించే ఇంజను గొప్పదే. కాని నన్నడిగితే, దాన్ని ఆపి నిలబెట్టేది అంతకన్న గొప్పది. ఎట్లాగో చూడండి. బాయిలో రోడ్డు 16 అడుగుల దూరానికి ఒక అడుగుకంటె ఎక్కువ లేవకూడదనేది మామూలు నియమం. అంతవాలులో 160 టన్నుల బండి నిలిస్తే, దాన్ని పల్లానికి లాగే బలమెంత? పలక తీసుకుని 160ని 16తో భాగించండి: 10 టన్నులు! రెండు పెద్ద ఏనుగుల బరువు దాన్ని వెనక్కు గుంజుతున్నదన్నమాట. కొద్దిదూరం వరకు 10 అడుగులకు ఒక అడుగు ఎక్కే చోట్లు కూడా ఉండవచ్చు. అక్కడైతే 16 టన్నులు. పైగా బాయిలో నిండుబండి ఎక్కుతుంది, ఖాళీబండి దిగుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ ఇంజను ఆగిపోతే, వెనక్కు జారేది నిండుబండే.

ఎడ్లబండివాడు ఎగుడుదారిలో ఎద్దులకు ఊపిరి ఆడనివ్వటానికి ఆగితే, ముందు చక్రం వెనక రాయి పెడతాడు. ఈ ఉపాయం ఎంతవరకు పనిచేస్తుంది? దీనికి ఐర్లండులో జరిగిన ఒక విషాదాన్ని చెప్పాలి. 1889 జూన్ 12న ఆర్మా అనే ఊరి నుంచి పిల్లలు, పెద్దలు ఒక విహారపు రైలులో బయలుదేరారు. ఎగుడుదారిలో ఇంజను బరువు లాగలేకపోయింది. రైలును రెండుగా విడదీసి ముందు భాగాన్ని మొదట తీసుకుపోదామనుకున్నారు. ఆ రైలు బ్రేకులు ఇంజనుతో సంబంధం ఉన్నంతసేపే పట్టేవి. పెట్టెలను విడదీయగానే వెనక భాగానికి బ్రేకులు పోయాయి. గార్డు పెట్టెలోని చేతిబ్రేకూ, చక్రాల కింద పెట్టిన రాళ్లూ మిగిలాయి. ముందు భాగం కదలబోతూ కొంచెం వెనక్కు వచ్చి తగిలింది. రాళ్లు నలిగిపోయాయి. పెట్టెలు పల్లానికి పరుగెత్తి, వెనక వస్తున్న మరొక రైలును ఢీకొన్నాయి. 80 మంది చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు.

బాధాకరమైన సంగతేమిటంటే, దీనికి మందు అప్పటికే ఉన్నది. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో, తన 22వ ఏట, గాలితో పనిచేసే రైలు బ్రేకుకు హక్కు పొందాడు. మొదట అతనూ గొట్టంలోకి గాలి పంపితే బ్రేకు పడేటట్టే చేశాడు. గొట్టం తెగిందా, బ్రేకు లేదు. 1872లో అతను దీన్ని తలకిందులు చేశాడు. గొట్టంలో గాలి ఉంటే బ్రేకు వదులుతుంది, గాలి పోతే పడుతుంది! అంటే పెట్టెలు తెగిపోతే వాటంతటవే ఆగుతాయి. ఆర్మా ప్రమాదం తరువాత ఆ ఏడే బ్రిటిషు ప్రభుత్వం ప్రయాణికుల రైళ్లకు ఇటువంటి తమంతట తాము పడే బ్రేకులుండాలని చట్టం చేసింది. మన సింగరేణి బొగ్గు ఇల్లెందు దగ్గర తవ్వటం మొదలైంది కూడా ఆ 1889లోనే.

ఇప్పుడు బాయికి తిరిగి వద్దాం. పెద్ద డంపర్లతోబాటు ఇక్కడ మట్టి మోసే టిప్పర్లు కూడా తిరుగుతాయి. టిప్పర్ల వెనక చక్రాల దగ్గర వంగి చూస్తే గుండ్రని ఇనపడబ్బాలు కనిపిస్తాయి. ఒక్కొక్క డబ్బాలో బలమైన స్ప్రింగు ఉంటుంది. బండి నడవాలంటే గాలి లోపలికి వచ్చి ఆ స్ప్రింగును అణిచిపెట్టాలి. చదరపు అంగుళానికి 60 పౌన్ల ఒత్తిడి, అంటే కారు టైరులో ఉండేదానికి సుమారు రెట్టింపు, ఉంటేగాని అది పూర్తిగా లొంగదు. గాలి వదిలేశారా, స్ప్రింగు చాచుకుని బ్రేకును బిగించేస్తుంది. డ్రైవరు బండి ఆపి మీట లాగినప్పుడు "బుస్సు"మని వినిపించేది ఈ గాలే. గొట్టం పగిలినా ఇదే జరుగుతుంది. అంతకుముందే గాలి తగ్గుతున్నదని డ్రైవరుకు హెచ్చరిక మోగుతుంది. పెద్ద డంపర్లలో స్ప్రింగును అణిచేది గాలి కావచ్చు, నూనె కావచ్చు, కిటుకు ఒక్కటే.

పూర్వపు లారీలకు నిలుపుబ్రేకు లేకపోలేదు. చాలావాటికి అది చక్రాల దగ్గర కాక, ఇంజను నుంచి వెనక ఇరుసుకు పోయే కడ్డీ మీద ఉండేది. ఆ కడ్డీ విరిగిందా, బ్రేకు పట్టే ఉంటుంది, బండి పోతూనే ఉంటుంది! మరొక చిక్కు కూడా ఉన్నది. మలుపు తిరిగేటప్పుడు రెండు వెనక చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగాలి. అందుకని ఇరుసు మధ్య డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల ఏర్పాటు ఉంటుంది. కడ్డీని ఎంత గట్టిగా పట్టుకున్నా, ఒక చక్రం ముందుకూ రెండోది వెనక్కూ తిరగటానికి ఇది ఒప్పుకుంటుంది. దుమ్ము అణగటానికి నీళ్లు చల్లిన బాయిరోడ్డు మీద ఒక చక్రం బురదలో పట్టుతప్పితే చాలు, అది వెనుదిరుగుతుంది, బండి జారుతుంది. చక్రం దగ్గరే పట్టే స్ప్రింగుబ్రేకుకు ఈ రెండు బాధలూ లేవు. పాతబండ్లకు దాన్ని అదనంగా తగిలించుకునే వీలు కూడా ఉన్నది.

ఆ డబ్బాను మాత్రం మెకానిక్కులు విప్పరు. లోపలి స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. చెడిపోతే డబ్బా మొత్తాన్ని మారుస్తారు.

షిఫ్టు మొదట్లో డ్రైవరు బ్రేకులు పరీక్షిస్తాడు. బండిని నిలిపేటప్పుడు చదునైన చోటు చూసి, తొట్టి దించి, నిలుపుబ్రేకు వేస్తాడు. చక్రాలకు అడ్డంగా దిమ్మలు పెడతారు. రోడ్డు అంచున, కింద లోతున్న చోట, పెద్దబండి టైరుకు తక్కువ కాని ఎత్తున మట్టికట్ట కూడా ఉండాలి.

దారిలో టిప్పరు గాలి అంతా పోయి నిలిచిపోతే వెనక చక్రాలు కదలవు; దాన్ని లాక్కుపోవటం సాధ్యం కాదు. అప్పుడు డబ్బా వెనకనుంచి ఒక పొడుగాటి బోల్టు దూర్చి, మెల్లగా తిప్పి, స్ప్రింగును వెనక్కు లాగాలి. అయితే బోల్టు ముట్టుకోకముందే చక్రాల కింద దిమ్మలు పడి ఉండాలి.